సర్జరీ గురువుల పరిశోధనకు కొలత మార్చండి

జాతీయ వైద్య కమిషన్ అధ్యక్షుల వారికి,
పోస్ట్ గ్రాడ్యుయేట్ వైద్య విద్యా మండలి అధ్యక్షుల వారికి,



ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఎమ్మెస్ జనరల్ సర్జరీ విద్యార్థులకు పాఠమూ ఆపరేషనూ నేర్పుతూ పనిచేసినవాణ్ణి. ఒక్క విషయం గురించే ఈ లేఖ రాస్తున్నాను. సర్జరీ పీజీ శిక్షణకు బాధ్యులైన విభాగాధిపతుల పరిశోధనను మనం కొలుస్తున్న పద్ధతి వల్ల పేపర్లు పెరుగుతున్నాయి గాని, రోగికి పనికొచ్చే జవాబులు ఆ మేరకు పెరగడం లేదు. ఆ పద్ధతిని మార్చే అధికారం మీకుంది. ఎలా మార్చవచ్చో నాకు తోచింది కూడా రాస్తున్నాను.

ముందు నియమాల సంగతి. ప్రమోషన్ కావాలంటే ప్రచురణలు ఉండాలన్న షరతు పాత భారత వైద్య మండలి కాలం నుంచీ ఉంది. 2015లో వచ్చిన సర్క్యులర్ మొదటి ఇద్దరు రచయితలనే లెక్కలోకి తీసుకుంటామంది, ఎలక్ట్రానిక్ జర్నళ్లు చెల్లవంది. 2017లో అది మారి మొదటి రచయిత, కరెస్పాండింగ్ రచయిత మాత్రమే మిగిలారు. 2020 ఫిబ్రవరిలో మళ్లీ మారి మొదటి ముగ్గురి దాకా వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 25న ఆ పాత మండలి పోయి మీ కమిషన్ వచ్చింది. 2022లో ఒకసారి, 2025లో ఒకసారి అధ్యాపకుల అర్హతల నిబంధనలను మీరు తిరగరాశారు. పేరు ఎన్నో స్థానంలో ఉంది, పత్రిక ఏ జాబితాలో ఉంది అన్న రెండు ప్రశ్నల చుట్టూనే ఈ చర్చంతా తిరిగింది. ఆ పేపరు ఏం తేల్చింది, దాంతో వార్డులో ఏం మారింది అని అడిగినవారు లేరు.

పైగా ఈ లెక్క ప్రొఫెసర్ పదవి దగ్గర ఆగిపోతుంది. ప్రొఫెసరై, విభాగాధిపతై, ఏటా కొత్త సర్జన్లను తయారుచేసి పంపే మనిషితో ప్రమోషన్ నియమానికి ఇక పని లేదు. కానీ విభాగంలో ఏ థీసిస్ ఎవరు చేయాలి, ఏ కేసు మీద చర్చ జరగాలి, మరణాల సమీక్ష మొక్కుబడిగా సాగాలా గట్టిగా సాగాలా అన్నది ఆయనే తేలుస్తాడు. పరిశోధన పట్ల ఆయన వైఖరి ఎలాంటిదో పీజీలకూ అదే అబ్బుతుంది. అందరికన్నా ఎక్కువ ప్రభావం చూపగల మనిషిని అందరికన్నా తక్కువ అడుగుతున్నాం.

దీని ఫలితం ఏమిటో లెక్కలున్నాయి. 2005 నుంచి 2014 దాకా మన వైద్య సంస్థల నుంచి వచ్చిన పరిశోధనను డాక్టర్ సమీరన్ నందీ, ఆయన సహచరులు పరిశీలించి 2016లో ప్రచురించారు. నందీ గారు స్వయంగా పేరున్న ఉదరకోశ సర్జన్, నేషనల్ మెడికల్ జర్నల్ ఆఫ్ ఇండియాకు తొలి సంపాదకులు. వారు చూసిన 579 సంస్థల్లో 332 నుంచి ఆ పదేళ్లలో ఒక్క పేపరూ రాలేదు. అంటే 57 శాతం. ఏడాదికి నూరుకు మించి పేపర్లు తెచ్చినవి 25 మాత్రమే. దేశం మొత్తం మీద వచ్చినదాంట్లో 40 శాతం ఆ పాతికవే. అమెరికాలో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి ఒక్కటే ఏడాదికి 4,600కు పైగా పేపర్లు తెస్తోందని కూడా అందులోనే రాశారు.

ఇది చూసి ‘అయితే ఇంకా గట్టిగా అడుగుదాం, పేపర్ల సంఖ్య పెంచుదాం’ అనిపించడం సహజం. ఆ దారిలో వెళ్తే ఎక్కడికి చేరతామో కూడా తెలిసిపోయింది. డబ్బు కట్టించుకుని, సరైన సమీక్ష లేకుండా అచ్చేసే పత్రికల మీద 2015లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం అలాంటి పత్రికల్లో వచ్చిన వ్యాసాలు 2010లో సుమారు 53 వేలు, 2014 నాటికి సుమారు 4 లక్షల 20 వేలు. ఆ రచయితల్లో మూడో వంతుకు పైగా మన దేశం వాళ్లే. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ పరిశోధకులను మోసగించిందని తేల్చి, 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు ఇచ్చింది. ప్రమోషన్ ఫైలు కదలడానికి రెండు పేపర్లు కావాలి, టైము లేదు, నేర్పేవాళ్లు లేరు, డబ్బిస్తే వారంలో అచ్చేసేవాడు ఉన్నాడు. ఇలాంటి చోట మంచివాళ్లు కూడా తప్పుదారి పడతారు. ఆ వ్యాపారాన్ని పెంచిన గిరాకీలో మన నియమాలకూ వాటా ఉంది.

సంఖ్యలతో కొలిచే అలవాటు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో సర్జరీ రెసిడెన్సీలను నడిపే ప్రోగ్రాం డైరెక్టర్లు ఎన్ని పేపర్లు రాశారు, వారి హెచ్-ఇండెక్స్ ఎంత అని తేల్చే అధ్యయనాలు సర్జరీలోని అనేక శాఖల్లో వచ్చాయి. హెచ్-ఇండెక్స్‌ను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఒకరి పేపర్లలో ఇరవైని ఒక్కోదాన్ని ఇరవై సార్లకు తగ్గకుండా ఉదహరిస్తే ఆయన సూచి కనీసం ఇరవై. వయసు పెరిగేకొద్దీ ఇది పెరుగుతుందే తప్ప తగ్గదు. ఎక్కువమంది పనిచేసే శాఖలో ఎక్కువగా, చిన్న శాఖలో తక్కువగా ఉంటుంది. ఆ గురువు దగ్గర నేర్చుకున్న కుర్రాడు ఎలాంటి సర్జన్ అయ్యాడో మాత్రం అందులో కనపడదు.

అయితే అమెరికా నుంచి నేర్చుకోదగ్గవి రెండున్నాయి. ఒకటి, అక్కడ డిపార్ట్‌మెంట్ చైర్ వేరు, ప్రోగ్రాం డైరెక్టర్ వేరు. శిక్షణ చూసే మనిషికి ఆ పని కోసం విడిగా సమయం ఇవ్వాలని నియమం ఉంది. రెండు, రెసిడెన్సీలకు గుర్తింపునిచ్చే ఏసీజీఎంఈ అనే సంస్థ విద్వత్ కృషి అంటే జర్నల్ పేపరు ఒక్కటే అనుకోదు. పరిశోధన, గ్రాంట్లు, చికిత్స నాణ్యతనూ రోగి భద్రతనూ మెరుగుపరిచే పనులు, సమీక్షా వ్యాసాలు, పాఠ్యప్రణాళిక తయారీ, బోధనలో కొత్త పద్ధతుల వంటి రంగాలను పేర్కొని, వాటిలో కనీసం మూడింట ప్రోగ్రాం మొత్తంగా ఏం చేసిందో చూపమంటుంది. ఆపరేషన్ తరవాత గాయాలు చీము పట్టడాన్ని సగానికి తగ్గించిన విభాగానికి, అది పేపరుగా అచ్చు కాకపోయినా, అక్కడ గుర్తింపు ఉంటుంది.

మన విభాగాధిపతి రోజు ఎలా గడుస్తుందో మీకు తెలియనిది కాదు. ఓపీ, రౌండ్స్, ఓటీ. మధ్యలో ఆరోగ్యశ్రీ అనుమతులు, కోర్టు నుంచి మెడికో లీగల్ కేసు సమన్లు, మందుల ఇండెంట్లు, హాజరు పట్టికలు, ఇన్‌స్పెక్షన్ కాగితాలు. ఇంకో కాలేజీకి ఎగ్జామినర్‌గా ప్రయాణాలు. ఇవన్నీ అయ్యాక మిగిలిన సమయంలో పరిశోధన చేయాలి. గణాంక నిపుణుణ్ణి కలవాలంటే కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో ఉన్న ఒకే మనిషి కోసం కాలేజీలోని పీజీలంతా క్యూ కట్టాలి. కేస్ షీట్ల కోసం మెడికల్ రికార్డ్స్ గదిలో దుమ్ము దులుపుకోవాలి. ఐసీఎంఆర్ వారి చెన్నై ఎపిడెమియాలజీ సంస్థ నడిపే బయోమెడికల్ రీసెర్చ్ కోర్సును అధ్యాపకులకూ పీజీలకూ తప్పనిసరి చేయడం మంచి పనే. కానీ విత్తనం ఎంచడం నేర్పి నీళ్లివ్వకపోతే పైరు రాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. సర్జరీలో ఎలాంటి ప్రశ్నలు విలువైనవి? పెద్ద ప్రయోగశాల ఉంటే తప్ప పరిశోధన కుదరదన్న అపోహ మన దగ్గర బలంగా ఉంది. మహారాష్ట్రలో దొండాయిచా అనే చిన్న ఊళ్లో డాక్టర్ రవీంద్రనాథ్ తొంగావ్‌కర్ అనే సర్జన్ హెర్నియా రోగులను చూసేవారు. కంపెనీ మెష్ కొనే స్తోమత వాళ్లకు లేదు. దోమతెర గుడ్డను శుద్ధి చేసి మెష్‌గా వాడవచ్చా అని ఆయన అడిగారు, వాడి చూశారు, మరికొందరు సర్జన్లను కలుపుకుని 2003లో ఇండియన్ జర్నల్ ఆఫ్ సర్జరీలో ఫలితాలు ప్రచురించారు. ఆ తరవాత ఉగాండా, స్వీడన్ వైద్యులు కలిసి ఉగాండాలో 302 మంది మగ రోగుల మీద రాండమైజ్డ్ పరీక్ష చేశారు. దోమతెర మెష్‌కూ ఖరీదైన మెష్‌కూ ఏడాది తరవాత చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదని 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. ప్రశ్న పుట్టింది మన పల్లె సర్జన్ దగ్గర. ప్రపంచాన్ని ఒప్పించిన జవాబు ఉగాండా నుంచి వచ్చింది. ఏటా లెక్కలేనన్ని హెర్నియా ఆపరేషన్లు జరిగే మన బోధనాసుపత్రులు నాలుగైనా చేతులు కలిపి ఉంటే అలాంటి పరీక్ష ఇక్కడే జరిగేది.

ఇంకొక ఉదాహరణ. పొట్ట ఆపరేషన్ చివర్లో, కుట్లు వేసే ముందు, చేతి తొడుగులూ పరికరాలూ మార్చుకుంటే గాయం చీము పట్టడం తగ్గుతుందా? ఏ హౌస్ సర్జనైనా అడగగల ప్రశ్న ఇది. దీని మీద భారత్‌తో సహా ఏడు దేశాల్లో 81 ఆసుపత్రుల్లో 13 వేలకు పైగా రోగులతో పరీక్ష జరిగింది. 2022లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం ప్రకారం ఇన్‌ఫెక్షన్ 18.9 శాతం నుంచి 16 శాతానికి తగ్గింది. దానికి ఏడాది ముందు అదే బృందం ఇంకో పరీక్ష ఫలితం ప్రకటించింది. 5,788 మంది రోగుల్లో ఖరీదైన క్లోర్‌హెక్సిడిన్ ద్రావణాన్నీ ట్రైక్లోసాన్ పూసిన దారాన్నీ, మామూలు పొవిడోన్ అయోడిన్‌నూ మామూలు దారాన్నీ పోల్చి చూస్తే ఏమీ తేడా లేదని తేలింది. తేడా లేదని తేలడం కూడా పేద ఆసుపత్రికి ఎంత మేలు! లేని ప్రయోజనం కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదని తెలిసింది.

ఇలాంటి పరీక్షల్లో పాల్గొన్న సర్జన్ల పేర్లు పేపరు చివర వందల సంఖ్యలో బృందంగా వస్తాయి. 2020 నాటి నియమం ప్రకారం మొదటి ముగ్గురిలో లేనివారికి, కరెస్పాండింగ్ రచయిత కానివారికి దీనివల్ల ఏమీ వచ్చేది కాదు. నలుగురైదుగురు కలిసి ఇరవై కేసుల మీద రాసుకున్న పేపరుకు మార్కులు పడేవి. పదమూడు వేల మంది రోగుల మీద జరిగిన పనిలో నెలల తరబడి పాలుపంచుకున్న సర్జన్‌కు పడేవి కావు. బహుళ కేంద్రాల పరీక్షల వైపు మన విభాగాధిపతులు ఎందుకు రాలేదో అర్థం చేసుకోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

మన వార్డుల్లో ప్రశ్నలకు కొదవ లేదు. చక్కెర వ్యాధితో కాలు కుళ్లి వచ్చే రోగికి ఎక్కడి దాకా తీసేస్తే మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కనక్కర్లేదు? పేగుకు రంధ్రం పడి మూడో రోజున ఆటోలో వచ్చే కూలీ మనిషి ఎక్కడెక్కడ ఆలస్యమయ్యాడు: ఇంట్లోనా, ఆర్ఎంపీ దగ్గరా, రిఫరల్ చీటీల మధ్యనా? రొమ్ములో గడ్డ ఉన్న ఆడమనిషి డాక్టరు దగ్గరికి రావడానికి ఏడాది ఎందుకు పట్టింది? కోస్తాలో వరిబీజం ఆపరేషన్లు ఏయే మండలాల నుంచి ఇంకా వస్తున్నాయి? వీటికి బయటి దేశపు పుస్తకంలో జవాబు దొరకదు. జవాబులు కర్నూలులో, కాకినాడలో, వరంగల్‌లో, ఆదిలాబాద్‌లో మన కేస్ షీట్లలో ఉన్నాయి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచీ పోగుపడిన ఆపరేషన్ల వివరాలు క్లెయిముల చెల్లింపు కోసం పుట్టినవే అయినా, రోగి పేరు తీసేసి జాగ్రత్తగా చూస్తే ఎన్నో ప్రశ్నలకు దారి చూపగలవు.

ఈ ప్రశ్నల మీద పనిచేయడానికి ఇప్పటికే ఒక ఏర్పాటు ఉంది. ప్రతి ఎమ్మెస్ విద్యార్థీ ఒక థీసిస్ రాసి తీరాలి, దానికొక గైడ్ ఉంటారు. జరుగుతున్నదేమిటంటే, లైబ్రరీలోని పాత థీసిస్ అంశాన్నే కాస్త మార్చి తీసుకోవడం, యాభై కేసులో నూరు కేసులో గుండ్రటి అంకె పెట్టుకోవడం, చివరి నెలల్లో హడావుడిగా బైండింగ్ చేయించడం. పరీక్ష అయిపోయాక దాన్ని తెరిచేవారుండరు. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో దేశమంతా చదవడానికి దొరుకుతున్నాయి. ఎమ్మెస్ థీసిస్‌లకు ఆ భాగ్యం చాలా చోట్ల లేదు. రోగులు నమ్మి సంతకం పెట్టి పాల్గొన్న అధ్యయనాలవి. వాటి ఫలితాన్ని బీరువాలో పెట్టి తాళం వేయడం ఆ రోగులకు చేసే అన్యాయం.

శిక్షణాలయపు అధిపతే పరిశోధనకు నడుం కట్టడంలో హైదరాబాదుకు ఒక చరిత్ర ఉంది. ఇవాళ ఉస్మానియా వైద్య కళాశాలగా పిలుచుకుంటున్న ఆనాటి హైదరాబాద్ మెడికల్ స్కూలుకు అధిపతి సర్జన్ ఎడ్వర్డ్ లారీ. క్లోరోఫాం మత్తు వల్ల జరిగే మరణాలకు కారణం ఏమిటన్న ప్రశ్న మీద ఆయన చొరవతో, నిజాం మహబూబ్ అలీఖాన్ ధనసహాయంతో, 1888లోనూ 1889లోనూ రెండు కమిషన్లు ప్రయోగాలు చేశాయి. లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చి రెండోదాంట్లో పాల్గొన్నాడు.  ముందు ఊపిరే ఆగుతుంది, గుండెకు భయం లేదు అన్న లారీ నిర్ధారణ నిలవలేదు. క్లోరోఫాం గుండె లయను చెదరగొట్టి చంపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. అయినా లారీ చేసిన పని విలువ తగ్గదు. ప్రశ్నను పట్టుకుని ప్రయోగం చేసి, చూసింది చూసినట్టు ప్రపంచం ముందు పెట్టాడు కాబట్టే ఇతరులు దాన్ని పరీక్షించి సరిదిద్దగలిగారు. నూట ముప్ఫై ఏళ్ల కింద ఒక శిక్షణాలయపు అధిపతి అలా చేయగలిగినప్పుడు, ఇవాళ్టి విభాగాధిపతుల నుంచి ఆ స్థాయి ఆశించడం అత్యాశ కాదు.

అందుకే మిమ్మల్ని నాలుగు కోరుతున్నాను.

ఒకటి. సర్జరీ పీజీ సీట్లకు గుర్తింపు ఇచ్చేటప్పుడు, పొడిగించేటప్పుడు, గత ఐదేళ్ల థీసిస్‌ల లెక్క అడగండి. ఎన్ని పూర్తయ్యాయి, ఎన్నింటి ఫలితాలు బయటపెట్టారు, ఏ ఫలితం వల్ల విభాగంలో ఏ పద్ధతి మారింది అని. అనుకున్నది నిరూపణ కాలేదని చెప్పే థీసిస్‌కూ సమాన విలువ ఇవ్వండి. థీసిస్‌లన్నీ చదువుకోవడానికి దొరికే జాతీయ భాండాగారం పెట్టండి. విద్యార్థి మొదటి రచయితగా ఉన్న పేపరు గైడ్‌కూ విభాగాధిపతికీ గౌరవంగా లెక్కించండి. అప్పుడు శిష్యుడి పేరు వెనక్కి నెట్టాల్సిన అవసరం ఎవరికీ రాదు.

రెండు. ప్రతి సర్జరీ విభాగం ఏటా తన ఫలితాలు రాసి ఉంచాలని నియమించండి. ఎన్ని ఆపరేషన్లు, ఎంతమందికి గాయం చీము పట్టింది, ఎంతమందిని మళ్లీ ఓటీకి తీసుకెళ్లారు, ముప్ఫై రోజుల్లో ఎంతమంది పోయారు. ఇది ర్యాంకుల కోసం కాకూడదు. ర్యాంకులు పెడితే కష్టమైన కేసులను పెద్దాసుపత్రికి తోసేయడం మొదలవుతుంది. తన విభాగం పోయినేటి కన్నా ఈ ఏడు మెరుగైందా అన్నది చూపగలిగితే చాలు.

మూడు. విభాగాధిపతి అయినా, ఆయన అప్పగించిన ప్రొఫెసర్ అయినా, ఒకరిని శిక్షణ బాధ్యుడిగా పేర్కొని వారంలో కొంత సమయాన్ని ఆ పనికే కేటాయించమనండి. ప్రతి కాలేజీలో గణాంక నిపుణుడు, వివరాలు సేకరించి ఎక్కించే సహాయకుడు ఉండడాన్ని కనీస ప్రమాణాల్లో చేర్చండి. పడకలు, కుర్చీలు, గదుల కొలతలు చూసే తనిఖీలో ఈ ఇద్దరు మనుషులున్నారో లేదో చూడడం కష్టం కాదు.

నాలుగు. అనేక కాలేజీలు కలిసి చేసే పరీక్షల్లో రోగులను చేర్చి, వివరాలు రాసి, చివరిదాకా అనుసరించిన సర్జన్‌కు రచయితతో సమానంగా గుర్తింపు ఇవ్వండి. తెలంగాణలో ఇప్పుడు జిల్లాకొక ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. విడివిడిగా చూస్తే చిన్నవే అయినా, కలిస్తే దేశంలో ఏ పెద్ద సంస్థకూ లేనంత మంది రోగులు వాటి దగ్గర ఉన్నారు. పీజీలు మూడు నెలలు గడిపే జిల్లా రెసిడెన్సీని కూడా దీనికి వాడుకోవచ్చు. జిల్లా ఆసుపత్రికి వచ్చే కేసులను ఒకే నమూనాలో నమోదు చేయడం ఆ మూడు నెలల పనిలో భాగం చేయండి.

నా తోటి సర్జన్లలో కొందరు ‘చేతిలో పనితనం ఉంటే చాలు, పేపర్లెందుకు’ అంటారు. వారి మీద నాకు గౌరవం ఉంది. రాత్రింబవళ్లు కష్టపడి ప్రాణాలు నిలబెట్టేది వారే. కానీ పనితనం ఉన్న చెయ్యి కూడా తన రోగుల్లో ఎంతమంది నెల తరవాత బాగున్నారో లెక్క చూసుకోకపోతే, తను చేస్తున్నది మంచిదో కాదో నమ్మకంగా చెప్పలేదు. గురువుకు తెలియంది శిష్యుడికి ఎలా అబ్బుతుంది? లెక్కలు బయటపెడితే కేసులు పెడతారనీ, ఆసుపత్రి మీద దాడులు జరుగుతాయనీ ఇంకొందరు భయపడతారు. ఆ భయం నిజమైనదే. అందుకే రోగి పేరు గాని, సర్జన్ పేరు గాని లేకుండా విభాగం మొత్తంగా లెక్క ఇచ్చే ఏర్పాటు, నిజాయితీగా లెక్క చెప్పినవారికి రక్షణ, రెండూ మీ నిబంధనల్లోనే ఉండాలి.

ఈ మార్పులకు కొత్త భవనాలు అక్కర్లేదు. అధ్యాపకుల అర్హతల నిబంధనల్లో కొన్ని వాక్యాలు, పీజీ గుర్తింపు దరఖాస్తులో రెండు పేజీలు, కాలేజీకి ఇద్దరు ఉద్యోగులు చాలు. వచ్చే విద్యా సంవత్సరంలో సర్జరీ ఒక్క శాఖలో, ఒప్పుకున్న రాష్ట్రాల్లో మొదలుపెట్టి చూడండి. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాలు విజయవాడలోనూ వరంగల్‌లోనూ ఉన్నాయి, వాటితో మొదలుపెట్టవచ్చు. మూడేళ్ల తరవాత ఎన్ని పేపర్లు వచ్చాయని అడగకండి. మా వార్డుల్లో ఏ పద్ధతి మారింది, ఎందుకు మారింది అని అడగండి. దానికి జవాబు చెప్పగలిగిన విభాగాధిపతినే శిక్షణకు తగిన నాయకుడిగా గుర్తించండి.

భవదీయుడు,
ఒక సర్జరీ అధ్యాపకుడు